కాశీలో వదిలేసిన కాకరకాయ

మొన్న మా ఎదురింటావిడ కాశీ వెళ్ళొచ్చింది. వచ్చిన మర్నాడే ఒక చిన్న చెంబుతో గంగ, ఒక కాశీతాడు పట్టుకుని మా ఇంటికొచ్చింది. అక్కడి ఇరుకు సందుల గురించీ, గుళ్ళో తోపులాట గురించీ కాసేపు చెప్పి, లేవబోతూ, "అన్నట్టు నేను కాకరకాయ వదిలేశానండి" అంది.

కాశీ వెళ్ళినవాళ్ళు తమకిష్టమైన తిండి ఏదో ఒకటి గంగలో వదిలి రావడం మనవైపు ఆచారం. వదిలాక ఇక జన్మలో దాన్ని ముట్టుకోకూడదు. ఇష్టమైనది వదులుకోమని పెద్దలు చెబితే, మనవాళ్ళు గిట్టనిది వదిలించుకుని వస్తారు. ఇది అందరికీ తెలిసిందే, అందరూ నవ్వుకునేదే. నేనూ నవ్వి ఊరుకోవాల్సింది. కానీ నాకు ఒళ్ళు మండిపోయింది. "మీకు షుగరుంది కదండీ! కాకరకాయ వదిలేయడమేంటి? వదిలితే బంగాళాదుంప వదలాలి గానీ!" అని గయ్యిమన్నాను. పాపం ఆవిడ బిత్తరపోయి, "కాకరకాయకి ఇంత కోపమేంటండీ!" అని నసుగుతూ వెళ్ళిపోయింది.

నా కోపం ఆవిడ మీద కాదు. ఎప్పుడో పోయిన మా మావయ్యగారి మీద. పోయినవాళ్ళ మీద కోపం పెట్టుకోకూడదంటారు. చెప్పేవాళ్ళు ఎన్నైనా చెబుతారు, ఆయనకి వండిపెట్టినవాళ్ళకి తెలుస్తుంది.

మావయ్యగారంటే మా ఆయన తండ్రి. తెనాలిలో మాకు ఎరువులూ పురుగుమందులూ అమ్మే కొట్టుండేది. పొద్దున్నే తెల్ల పంచె, తెల్ల బనీను, భుజాన తువ్వాలు వేసుకుని కొట్టుకి బయల్దేరేవారు. ముందు పొట్ట వచ్చేది, దాని వెనక నవ్వు వచ్చేది, ఆ తర్వాత మనిషి వచ్చేవారు. ఒకరిని పల్లెత్తు మాట అని ఎరగరు. అప్పుకొచ్చిన రైతుకి కూడా ముందు మజ్జిగిచ్చి తర్వాత మాట్లాడేవారు. అంత మంచి మనిషి కంచం ముందు కూర్చున్నారంటే మాత్రం పసిపిల్లాడి కన్నా అధ్వాన్నం.

కంచంలో అన్నీ వడ్డించాక, కుడిచేతి చూపుడువేలు కంచం మీద గాల్లో గుండ్రంగా ఒకసారి తిప్పి, "ఏదీ?" అనేవారు. అంతే, ఒక్క మాట. ఆ 'ఏదీ'కి అర్థం మా ఇంటి పిల్లికి కూడా తెలుసు. మాంసమో, చేపో, రొయ్యో, కనీసం గుడ్డో, నీసు ఏదీ అని. ఉందంటే ఆ మొహం వెలిగిపోయేది. లేదంటే మా అత్తయ్యగారి వైపు చూసి, "ఇవాళేమన్నా ఏకాదశా ఏంటి?" అనేవారు. అత్తయ్యగారు నోట్లో నాలుక లేని మనిషి. గబగబా లేచి ఒక గుడ్డన్నా పొరటేసుకొచ్చేవారు.

రెండువేల సంవత్సరం దాటాక, ఒక వేసవిలో ఆయనకి కళ్ళు తిరిగితే డాక్టరుకి చూపించాం. షుగరు ఎప్పటినుంచో ఉంది, అది తెలిసిందే. ఈసారి డాక్టరుగారు పరీక్షలు చూసి మొహం ముడిచారు. "మూత్రంలో ప్రోటీను పోతోంది పెద్దాయనా. ఇలాగే తింటే మీ కిడ్నీలు నిలబడవు. మాంసం బాగా తగ్గించండి. ఉప్పు తగ్గించండి. అన్నం సగం చేసి, కంచంలో సగం కూరగాయలూ ఆకుకూరలూ ఉండేట్టు చూసుకోండి. ఇప్పుడు జాగ్రత్త పడితే చాలాకాలం బాగుంటారు. లేదంటే నా దగ్గరికి కాదు, రక్తం కడిగే మిషను దగ్గరికి వెళ్ళాల్సొస్తుంది" అన్నారు. మావయ్యగారు ఎంతో వినయంగా "అలాగేనండి, అలాగేనండి" అని తలూపారు. మెట్లు దిగాక నా వైపు తిరిగి, "కుర్ర డాక్టరమ్మా. ఇంకా నోటికి రుచి తెలిసే వయసు రాలేదు" అన్నారు.

అప్పుడే నిశ్చయించుకున్నాను, ఈ పని నేనే చెయ్యాలని. మా ఆయన తండ్రి ముందు నోరెత్తరు. అత్తయ్యగారి సంగతి చెప్పాను కదా. పైగా నాకు నమ్మకం ఉంది. బాపట్లలో మా నాన్నకీ షుగరే. మా అమ్మ పట్టుబట్టి, కంచంలో సగం కూరలు వడ్డించి, నీసు ఆదివారానికి పరిమితం చేసి, సాయంత్రాలు నడిపించి, ఏడాది తిరిగేసరికి మనిషిని తేలిక చేసింది. మాత్రలు కూడా తగ్గాయి. కళ్ళారా చూసినదాన్ని. నాన్నకి జరిగింది ఈయనకి ఎందుకు జరగదు?

ఎందుకు జరగదో వారం తిరిగేసరికి తెలిసింది. నేను బీరకాయ చేస్తే, చిక్కుడుకాయ చేస్తే, పొట్లకాయ చేస్తే, ఆ ముక్కలన్నీ ఏరి కంచం అంచున వరసగా పేర్చేవారు. కొట్టు పెట్టకముందు వ్యవసాయం చేసిన చెయ్యి కదా, గట్టు వేసినట్టు ఎంతో నీటుగా ఉండేది. మధ్యలో అన్నం, చారు. తిని లేచేసరికి చారు పోయేది, గట్టు చెక్కుచెదరకుండా ఉండేది.

"మావయ్యగారూ, ఆ కూర తినాలండి. అలంకారానికి కాదు."

"తినకూడదమ్మాయ్. నీకు తెలీదు" అనేవారు ఎంతో జాలిగా, నేనేదో అమాయకురాలినైనట్టు. "నేనమ్మే మందు నాకు తెలీదూ? వంకాయ తోటకి వాళ్ళు ఎన్నిసార్లు కొడతారో నన్నడుగు. పొద్దున కొట్టి సాయంత్రం కోసి బజారుకి పంపుతారు. కోడికెవరన్నా మందు కొడతారా? మేకకి కొడతారా? ఆలోచించు."

తను అమ్మిన విషం తను తినడట! ఊరంతా తినొచ్చు! కానీ ఆ మాటలో కొంచెం నిజం కూడా ఉంది. సరే, నీ పని ఇలా ఉందా అనుకుని, మేడ మీద పాత తొట్లలో మట్టి పోసి, తోటకూర, పాలకూర, గోంగూర, బచ్చలి వేశాను. మందు చుక్క తగలకుండా పెంచాను. ఆకు అరచెయ్యంత వచ్చింది. మావయ్యగారు చూసి పొంగిపోయారు. పొద్దున లేవగానే ఆయనే మేడెక్కి నీళ్ళు పోసేవారు. పురుగు కనిపిస్తే చేత్తో ఏరి పారేసేవారు. వచ్చిపోయే రైతులకి "మా కోడలు పెంచిందయ్యా, మందు లేదు, మాకు లేదు" అని గొప్పగా చూపించి, కట్టలు కట్టి పంచిపెట్టేవారు. ఊళ్ళో అందరూ మా తోటకూర తిన్నారు. ఆయన తప్ప.

తర్వాత కొన్నాళ్ళు ఉన్నట్టుండి బీరకాయ కూర తినడం మొదలుపెట్టారు. గట్టు లేదు, గొడవ లేదు, కంచం అద్దంలా ఖాళీ. నేను ఉబ్బిపోయి బాపట్లకి ఫోను చేసి మా అమ్మకి కూడా చెప్పాను. తీరా ఒకరోజు నేను అదే కూర నోట్లో పెట్టుకుంటే పళ్ళ కింద కరకరలాడింది. పోపుల డబ్బా వెనక చూద్దును కదా, సీసా నిండా రొయ్యపొట్టు. నేనలా స్నానానికి వెళ్ళగానే అత్తయ్యగారు గుప్పెడు వేయించి కూరలో కలిపేస్తున్నారు. ఎండు రొయ్యలంటే ఒట్టి ఉప్పు. డాక్టరు వద్దన్న రెండూ ఆ సీసాలోనే ఉన్నాయి.

"ఇదేంటత్తయ్యగారూ!" అంటే ఆవిడ తల దించుకున్నారు. మావయ్యగారు మాత్రం తొణక్కుండా, "అది రొయ్యెందుకవుతుందమ్మా? పొట్టేగా. కూర బీరకాయే" అన్నారు. ఆయన పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. నేను సీసా తీసుకెళ్ళి పనమ్మాయికి ఇచ్చేశాను. మళ్ళీ ఆదివారానికల్లా ఇంకో సీసా వచ్చింది. ఎక్కడినుంచంటే రేపల్లె నుంచి.

రేపల్లెలో ఆయన చెల్లెలుండేవారు. వరసకి నాకు పిన్ని. అన్నయ్యంటే ఆవిడకి ప్రాణం, ఆ ప్రాణాన్ని ఆవిడ చూపించే పద్ధతి క్యారియరు. రేపల్లె పాసింజరులో తెలిసినవాళ్ళెవరు తెనాలి వస్తున్నా వాళ్ళ చేతికి ఒక క్యారియరు తగిలించేవారు. పీతల ఇగురో, బొమ్మిడాయిల పులుసో, ఏదో ఒకటి. నేను ఫోను చేసి, "పిన్నిగారూ, ఆయనకి పడదండి, డాక్టరు వద్దన్నారు" అంటే, "నాకూ షుగరే కదే! నేను తినట్లా? ఒక్క ముక్కకి ఏమవుద్దే?" అనేవారు. ఈ 'ఒక్క ముక్క'తో నేను పడ్డ చావు ఇంతా అంతా కాదు. ఒక్క ముక్క తిని లేచినవాణ్ణి మా జిల్లాలో ఒక్కణ్ణి చూపించండి, ఇప్పుడే వెళ్ళి దణ్ణం పెడతాను.

ఇక కార్తీకమాసం సంగతి చెబితే మీరు నమ్మరు. కార్తీకంలో మా ఇంట్లో నెలంతా నీసు ముట్టరు. మావయ్యగారు ఈ విషయంలో మహా నిష్ఠ. దేవుడి మాటంటే మాటే. నేనేమో ఇదే అదను అనుకున్నాను. నెల్లాళ్ళు శాకాహారం, దెబ్బకి షుగరు దిగొస్తుంది, ఆ కాగితం ఆయన ముందు పెట్టి నోరు మూయిస్తాను అని లెక్కేసుకున్నాను. కానీ ఆయన శాకాహారం ఎలా ఉండేదనుకున్నారు? సోమవారం ఉపవాసమని రాత్రికి గారెలు. మధ్యలో పులిహోర. నీసు లేనందుకు పరిహారంగా ముద్దముద్దకీ నెయ్యి, ఆవకాయ, అప్పడాలు, వడియాలు, ఊరమిరపకాయలు, ఆఖర్న గడ్డపెరుగులో అరటిపండు. కూర మళ్ళీ అంచున గట్టే. అన్నం మాత్రం రెట్టింపు. "నీసు లేందే కడుపు నిండట్లేదమ్మా, ఏం చెయ్యను?" అని.

కార్తీకం వెళ్ళగానే పరీక్ష చేయించాను. షుగరు దిగకపోగా ఇంకా ఎక్కింది. మావయ్యగారు ఆ కాగితం పట్టుకుని ఆస్పత్రి నుంచి ఇంటిదాకా వీధిలో కనబడ్డవాడికల్లా చూపించుకుంటూ వచ్చారు. గుమ్మంలో నిలబడి నాతో, "చూశావా అమ్మాయ్! నేను మొదట్నించీ మొత్తుకుంటున్నానా? నీసు మానేస్తే షుగరు పెరుగుద్ది!" అన్నారు. గెలిచినవాడి నవ్వు. నాకు ఆ క్షణంలో గోడకేసి తల కొట్టుకోవాలనిపించింది. అన్నం, నెయ్యి, ఆవకాయ, గారెలు ఇవి శాకాహారమే గానీ పథ్యం కాదు మావయ్యగారూ అని ఆ సాయంత్రమంతా చెప్పాను. ఏట్లో పిసికిన చింతపండు. ఆ సాయంత్రమే కోడి తెగింది.

ఒక్కసారి మాత్రం గెలిచాననుకున్నాను. మావయ్యగారినీ అత్తయ్యగారినీ వెంటబెట్టుకుని అద్దె కారులో బాపట్ల, మా పుట్టింటికి వెళ్ళాం. ముందురోజే నాన్నకి ఫోను చేశాను, "ఒక్క నీసు ముక్క కూడా వద్దు నాన్నా, నువ్వు తినేదే పెట్టు" అని. మా అమ్మ ఒప్పుకోలేదు. "వియ్యంకుడికి నీసు లేకుండా కంచం పెడతామా? రేపు నలుగురిలో మమ్మల్ని ఏమనుకుంటారే?" అని ఏడుపు మొహం పెట్టింది. నాన్న మాట మీద ఎలాగో సర్దుకుంది. మునక్కాడల పులుసు, చిక్కుడుకాయ వేపుడు, పాలకూర పప్పు, పొట్లకాయ పెరుగుపచ్చడి, దంపుడు బియ్యం అన్నం.

మావయ్యగారు కూర్చున్నారు. నేను గుమ్మం పక్కన ఊపిరి బిగబట్టుకుని నిలబడ్డాను. వేలు లేవలేదు. 'ఏదీ' అనలేదు. వియ్యంకుడి ఇంట్లో అడగడం మర్యాద కాదని ఆయన పెంపకం. గట్టు కూడా కట్టలేదు. అన్నీ తిన్నారు. పులుసు మళ్ళీ వేయించుకున్నారు. "బావగారూ, అమృతమండీ! రోజూ ఇలా తింటే నూరేళ్ళు బతుకుతారు మీరు" అన్నారు. మా నాన్న మురిసిపోయి తన మాత్రలు ఎలా తగ్గాయో మొదట్నించీ చెప్పుకొచ్చాడు. ఆయన ఊఁ కొడుతూ విన్నారు. నేను వంటింట్లోకి వెళ్ళి అమ్మని కావలించుకున్నాను.

కారెక్కాక, "అమ్మాయ్, ఇంతదూరం వచ్చాం, పక్కనే చీరాల. నీకు రెండు మంచి చీరలు కొందాం పద" అన్నారు. బాపట్ల నుంచి తెనాలి ఒకవైపు, చీరాల ఇంకోవైపు. అప్పుడన్నా నాకు అనుమానం రావాలా? చీరలనేసరికి రాలేదు. కొన్నారు. మంచివే కొన్నారు. ఆ తర్వాత, "తిన్నది అరగాలి కదమ్మా, వాడరేవులో కాస్త గాలి పీల్చుకుని వెళ్దాం" అన్నారు. నేనూ అత్తయ్యగారూ ఇసకలో కూర్చుని అలలు చూస్తున్నాం. ఎంతసేపటికీ మనిషి జాడ లేదు. వెతుక్కుంటూ వెళితే, రోడ్డు పక్కన తాటాకు పందిరి కింద బల్ల మీద కూర్చుని ఉన్నారు. ఎదురుగా కారు డ్రైవరు. ఇద్దరి ముందూ పళ్ళేలు, పళ్ళేల నిండా చందువా చేప ముళ్ళు.

"డ్రైవరుకి ఆకలేసిందమ్మా" అన్నారు మూతి తుడుచుకుంటూ. "ఒక్కడే తినాలంటే మొహమాటపడుతున్నాడు. తోడు కూర్చున్నా."

"తోడు కూర్చున్నారా, తోడు తిన్నారా?"

"ఒక్క ముక్క."

డ్రైవరు నవ్వాపుకోలేక కారు దగ్గరికి పరిగెత్తాడు. ఆ చీరలు ఎప్పుడు కట్టుకున్నా నాకు చేపల వాసనే.

ఇదంతా అయ్యాక కాశీ ప్రయాణం వచ్చింది. మా వీధివాళ్ళు కొంతమంది కలిసి వెళుతుంటే మావయ్యగారూ అత్తయ్యగారూ బయల్దేరారు. అప్పటికి డాక్టరుగారు నాతో విడిగా చెప్పారు, కిడ్నీలు నెమ్మదిగా దెబ్బతింటున్నాయనీ, ఇంకా చెయ్యి దాటిపోలేదనీ. నేను మావయ్యగారి ముందు కింద కూర్చున్నాను. "మీరు నా మాట వినరు, డాక్టరు మాట వినరు. దేవుడి మాటంటే మాటే కదా మీకు. కాశీలో ఇష్టమైనదే వదలాలంటారు. మాంసం వదిలి రండి మావయ్యగారూ. ఇంకేమీ అడగను" అన్నాను. ఏడ్చాను కూడా. ఆయన నా తల మీద చెయ్యి వేశారు. "ఏడవకమ్మా. వదిలేస్తా. మాటిస్తున్నా" అన్నారు.

వాళ్ళు తిరిగొచ్చిన రోజు నేను పండగలా వండాను. దొండకాయ, గోంగూర పప్పు, కాకరకాయ పులుసు. మావయ్యగారు స్నానం చేసి, నుదుట విభూతితో వచ్చి కూర్చున్నారు. అన్నీ వడ్డించాను. చూపుడువేలు లేచింది. గాల్లో గుండ్రంగా తిరిగింది.

"ఏదీ?"

"అదేంటి మావయ్యగారూ, వదల్లేదా?"

"వదిలేశానమ్మా" అన్నారు కంచంలోకి చూస్తూ. "కాకరకాయ."

నేను అక్కడే చతికిలబడ్డాను. ఆయన కాకరకాయ పులుసు గిన్నెని వేలితో అవతలికి జరిపి, "ఇక ముట్టకూడదు" అన్నారు. షుగరు మనిషి కాశీ దాకా వెళ్ళి, షుగరుకి మందులాంటి కాయనే వదిలేసి వచ్చాడు! అక్కడితో ఆగారా? మర్నాడు సొరకాయ చేస్తే, "ఇదీ వదిలేశానమ్మా, నిన్న చెప్పడం మర్చిపోయా" అన్నారు. ఆ తర్వాత పొట్లకాయ. ఆ తర్వాత తోటకూర. నాకు మండుకొచ్చి, "రైతుబజారు మొత్తం గంగలో కలిపేసి వచ్చారా ఏంటి?" అన్నాను. "గంగమ్మతో హాస్యాలొద్దమ్మా" అన్నారు కళ్ళు మూసుకుని. ఆ కళ్ళు మూసుకోవడం చూస్తే నాకు కంచం లాగేసుకోవాలనిపించేది.

తర్వాతెప్పుడో మేడ మీద పాలకూర కోస్తుంటే, అత్తయ్యగారు తనంతట తానే నోరు విప్పారు. ఆవిడ అలా మాట్లాడటం నేను అంతకుముందు వినలేదు.

"నీకు మాటిచ్చింది అబద్ధం కాదమ్మాయ్. గంగలో నడుములోతు దిగి, దోసిట్లో నీళ్ళు పట్టారు. పంతులు 'ఏం వదులుతున్నారో చెప్పండి' అంటున్నాడు. ఈయన పెదాలు కదులుతున్నై గానీ మాట రాదు. దోసిట్లో నీళ్ళన్నీ కారిపోయినై. మళ్ళీ పట్టారు. మళ్ళీ కారిపోయినై. వెనకాల జనం తోసేస్తన్నారు, పంతులు కసురుకుంటన్నాడు. ఆఖరికి 'కాకరకాయ' అనేశారు. గట్టెక్కి మొహం తుడుచుకుంటా, 'అమ్మాయికి నా మొహమెట్టా చూపించనే' అన్నారు."

"మరి సొరకాయ, పొట్లకాయ, తోటకూర?"

"అవా? అయ్యన్నీ తెనాలిలో వదిలినయ్యే" అన్నారు అత్తయ్యగారు.

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ గంగలో, దోసిట్లో నీళ్ళు నిలవక నిలబడ్డ పెద్దమనిషిని తలుచుకుంటే మనసు కరిగింది. ఆ ఆదివారం ఆయన మళ్ళీ మాంసం తెప్పించుకునేదాకా కరిగే ఉంది.

అలా ఇంకొన్నాళ్ళు నడిచింది. ఈలోగా రేపల్లెలో పిన్నిగారి కాలికి చిన్న పుండు పడింది. మానలేదు. ముందు వేలు తీశారు, తర్వాత పాదం తీశారు. పెద్ద ఆస్పత్రుల చుట్టూ తిప్పారు. ఆ ఏడు వానాకాలంలో ఆవిడ పోయారు. మావయ్యగారు నెల మాసికం దాకా అక్కడే ఉండి వచ్చారు. వచ్చిన రోజు స్టేషను నుంచి రిక్షాలో దిగుతుంటే పొట్ట తగ్గిపోయి, పంచె వదులై, వేరే ఎవరో దిగుతున్నట్టుంది.

భోజనానికి కూర్చున్నారు. వేలు లేవలేదు. నేను వడ్డించినవి చూసి, "చెల్లికి నేనూ పంపేవాణ్ణమ్మా, ఇక్కడినుంచి మాంసం పచ్చడి" అన్నారు. "అదీ ఒక్క ముక్కే అనుకునేది." "రేపట్నుంచి నువ్వేం పెడితే అది తింటా. ముందు తోటకూర వండు. ఇన్నాళ్ళూ నీళ్ళు పోశా, అదెలా ఉంటదో చూద్దాం" అన్నారు.

ఎన్నేళ్ళు ఎదురుచూశాను ఆ మాట కోసం! మర్నాడు మేడెక్కి లేత ఆకంతా కోశాను. అదే పొద్దున మా ఆయన తండ్రి పాదాలు చూసి, "ఇదేంటి నాన్నా, ఇంత వాపు!" అని గుంటూరు తీసుకెళ్ళారు. వస్తారు కదా, తింటారు కదా అని నేను పప్పులో తోటకూర వేసి వండి, మూత పెట్టి కూర్చున్నాను. వాళ్ళు సాయంత్రానికి వచ్చారు. మా ఆయన నన్ను వంటింట్లోకి పిలిచి, మెల్లగా చెప్పారు.

"కిడ్నీలు దాదాపు పోయాయన్నారు. మిషను మీద పెట్టాలంట. ఒంట్లో పొటాషియం బాగా పెరిగిపోయిందంట, ఇంకా పెరిగితే గుండె ఆగిపోద్దన్నారు. ఆకుకూరలు పెట్టొద్దన్నారు. టమాటా, అరటిపండు, కొబ్బరినీళ్ళు ఏవీ వద్దంట. పప్పు కూడా వద్దన్నారు."

"ఆకుకూరలు వద్దా?" అన్నాను. "ఆకుకూరలే కదా ఇన్నాళ్ళూ తినమంది!"

"అప్పుడు తినాల్సిందంట" అన్నారు మా ఆయన.

నాకు ఎవరి మీద అరవాలో తెలియలేదు. డాక్టరు మీదా? గంగ మీదా? ఆ పప్పు గిన్నె ఎత్తి నేలకేసి కొట్టాలనిపించింది. బయట మంచం మీద మావయ్యగారు అంతా విన్నట్టున్నారు. "అమ్మాయ్" అని పిలిచారు. వెళ్ళాను. "తోటకూర వదిలేశానని నేను నీతో అబద్ధమాడా. డాక్టరు నిజం చేశాడు" అన్నారు. నవ్వుదామని చూశారు, నవ్వు రాలేదు. నాకూ రాలేదు.

మిషను మొదలయ్యాక వారానికి రెండుసార్లు గుంటూరు తీసుకెళ్ళేవాళ్ళం. ఆయనకి అన్నం సయించేది కాదు. మాంసం పేరెత్తితేనే వికారం. ఇన్నేళ్ళు నేను చెప్పి చెప్పి మాన్పించలేనిది రోగం ఒక్కపూటలో మాన్పించింది. అడిగిందల్లా తోటకూర ఒక్కటే, పసిపిల్లాడిలా. నేను పోరగా పోరగా గుంటూరు డాక్టరుగారు ఒక దారి చెప్పారు. ఆకు సన్నగా తరిగి, ఎక్కువ నీళ్ళలో ఉడికించి, ఆ నీళ్ళు పారబోసి, మళ్ళీ నీళ్ళు పోసి ఉడికించి, అవీ పారబోసి, పిండి, రెండు చెంచాలు మాత్రం పెట్టొచ్చట. ఉప్పు వెయ్యకూడదు.

అలాగే చేశాను. మేడ మీది ఆకే. రంగు పోయింది, వాసన పోయింది, రుచి పోయింది. తడిగుడ్డ పిండినట్టుంది గిన్నెలో. దాన్ని చూస్తే నాకే మింగుడు పడలేదు. కంచంలో కొంచెం అన్నం పెట్టి, పక్కన రెండు చెంచాలు వేశాను. మావయ్యగారు అంచుకి జరపలేదు. అన్నంలో కలుపుకుని, ముద్ద చేసి, కళ్ళు మూసుకుని నమిలారు. కంచంలో మెతుకు మిగల్చలేదు.

"బాగుందమ్మాయ్" అన్నారు. "ఇంకొంచెం వెయ్యి."

మొదటిసారి డాక్టరుకి చూపించిన ఆ వేసవి నుంచీ ఆ మాట కోసం గరిట పట్టుకుని ఆయన వెంటపడ్డదాన్ని. గిన్నెలో ఇంకా ఉంది. గిన్నె కొంగు చాటుకి తీసుకున్నాను.

"అయిపోయింది మావయ్యగారూ" అన్నాను.

"సర్లే. రేపు కాస్త ఎక్కువ చెయ్యి" అన్నారాయన, కంచంలో చెయ్యి కడుక్కుంటూ.